చుక్క పక్కన ప్రశ్నార్థకం

(హైదరాబాద్ కొత్తపేటలో జరిగిన స్మారక సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఈ ఉపన్యాసం ఎవరి జ్ఞాపకార్థమో ఇక్కడున్న అందరికీ తెలుసు. అచ్చులో మాత్రం పేరు వద్దని, ముందు వరసలో కూర్చున్న ఆయన ఇంటి అమ్మ అన్నారు. "ఉన్నన్నాళ్ళు ఆయన పేరు పేపర్ల రాలే, ఇప్పుడెందుకు బిడ్డా" అని ఆమె అడిగితే నా దగ్గర జవాబు లేకపోయింది. అందుకని బస్తీలో అందరం పిలిచినట్టే సారు అంటాను. బళ్ళో పాఠాలు చెప్పిన సారు కాదు. మునిసిపాలిటీ మలేరియా విభాగంలో గల్లీలు తిరిగిన మనిషి. చేతిలో లార్వా తీసే గరిటె, జేబులో టార్చి, చంకలో రిజిస్టరు.

నా చేతిలో ఉన్న ఈ కాగితం చూడండి. 2005 నాటి గోడ క్యాలెండరులోంచి చింపిన జులై పేజీ. వెనక ఖాళీ వైపు సారు గీసిన మ్యాపు. నీలం స్కెచ్ పెన్నుతో సరూర్‌నగర్ చెరువు, అక్కణ్ణుంచి చైతన్యపురి మీదుగా మూసీలోకి పోయే నాలా. నల్ల పెన్నుతో గల్లీలు. ఎర్ర పెన్సిలు చుక్కలు జ్వరం కేసులు. స్కేలు లేదు, ఉత్తరం ఎటో చెప్పే బాణం లేదు. కొన్ని చుక్కల పక్కన మాత్రం చిన్న ప్రశ్నార్థకం ఉంది. పదిహేనేళ్ళకు పైగా నేను కంప్యూటరులో మ్యాపులు గీసే జీఐఎస్‌తో పనిచేస్తున్నాను, వేల చుక్కల మ్యాపులు చేశాను. ఏ సాఫ్ట్‌వేరూ తనంతట తాను నా చుక్క పక్కన ప్రశ్నార్థకం పెట్టలేదు. ఇవాళ నేను మాట్లాడేది దాని గురించే.

ఇలాంటి ఉపన్యాసాలు లండన్లో 1854 కలరాతో, జాన్ స్నో మ్యాపుతో మొదలవుతాయి. కలరా నీళ్ళ బోరింగుకు పిడి ఊడదీయించిన ఆ కథ మీరందరూ వినే ఉంటారు, వదిలేస్తాను. పరువు పోయినా సరే, నా మొదటి మ్యాపుతో మొదలుపెడతాను.

విద్యార్థిగా ఉన్న రోజుల్లో ఒక ఆసుపత్రి డెంగీ లైన్ లిస్టు నా చేతికొచ్చింది. పేరు, వయసు, అడ్రసు, పరీక్ష తేదీ. అడ్రసులన్నీ కంప్యూటరులో వేసి, ఒక్కోదానికి అక్షాంశ రేఖాంశాలు తెచ్చుకున్నాను. దీన్నే జియోకోడింగ్ అంటారు. తర్వాత చుక్కల సాంద్రత లెక్కగట్టమంటే తెర మీద దిల్‌సుఖ్‌నగర్ నడిబొడ్డున నిప్పుకణికలా ఎర్రటి మచ్చ లేచింది. నా సంతోషానికి అంతులేదు. ప్రింటు తీసుకుని సారు ఇంటికి పరిగెత్తాను. ఆయన కళ్ళజోడు సవరించుకుని చూసి, "ఇది బస్ డిపో గద బిడ్డా. డిపోల దోమలు టికెట్ కొనుక్కుంటున్నయా?" అన్నారు.

జరిగిందేమిటంటే, సగానికి పైగా అడ్రసుల్లో ఇంటి నంబరు సరిగా లేదు. "దిల్‌సుఖ్‌నగర్, 500060" అని మాత్రమే ఉంది. పాపం కంప్యూటరు ఏం చేస్తుంది? తెలియని వాళ్ళందరినీ పిన్‌కోడు మధ్యలో ఒకే చోట కుప్పపోసింది. ఆ కుప్పను నేను హాట్‌స్పాట్ అనుకున్నాను.

మన అడ్రసుల సంగతి మీకు కొత్తగా చెప్పాలా? 16-11తో మొదలైన ఇంటి నంబరుకు ఒక బై, దానికింకో బై, చివర ఏ, బీ. పక్కింటి నంబరు పక్కన ఉండదు, మూడు గల్లీల అవతల ఉంటుంది. అందుకే ఇక్కడెవరూ నంబరు చెప్పరు. కోణార్క్ థియేటర్ వెనక, సాయిబాబా గుడి ఎదురు గల్లీ, విక్టోరియా మెమోరియల్ దాటినాక రెండో లెఫ్టు, ఇలా చెప్తారు. (ఈ ప్రాంతం అడ్రసును భద్రంగా రాసుకున్న సందర్భం నాకు తెలిసి ఒకటే. ఫణిగిరి గుట్ట మీద నరసింహస్వామి గుడి దగ్గర విష్ణుకుండినుల నాటి ప్రాకృత శాసనం ఉంది. బౌద్ధ భిక్షువుల గోవిందరాజ విహారం పేరు అందులో ఇప్పటికీ చదవొచ్చు.) గుర్తుల అడ్రసును అర్థం చేసుకోవడం పోస్ట్‌మ్యాన్‌కు వచ్చు, ఆశా కార్యకర్తకు వచ్చు. యంత్రానికి ఇంకా పూర్తిగా రాలేదు. ఆ తర్వాత నేను అడ్రసులు పట్టుకుని జీపీఎస్‌తో ఇల్లిల్లూ తిరిగాను. ఎర్ర మచ్చ కరిగి నాలుగైదు చిన్న గుంపులయింది.

అవైనా నిజమేనా అంటే, సారు అసలు ప్రశ్న అప్పుడు వేశారు. ఒక గుంపు మొత్తం అమ్మాయిల హాస్టలు మీద పడింది. "రాత్రి పండుకున్న జాగ సరే, పొద్దంత యాడుంటరు వీళ్ళు?"

మలేరియా దోమకూ డెంగీ దోమకూ ఉన్న తేడా అక్కడుంది. మలేరియా తెచ్చే అనాఫిలిస్ రాత్రి కుడుతుంది కాబట్టి మనిషి పడుకునే చోటు పనికొచ్చే ఆనవాలే. డెంగీ తెచ్చే ఏడిస్ పగటి దోమ. పొద్దున, మళ్ళీ సాయంత్రం చీకటి పడేలోపు జోరుగా కుడుతుంది. ఆ పిల్లలు పొద్దున ఏడుకల్లా కోచింగులో ఉంటారు. మధ్యాహ్నం మెస్సు, సాయంత్రం స్టడీ హాలు. హాస్టలు వాళ్ళు బట్టలు ఆరేసుకునే చోటు, అంతే. కుట్టిన దోమ కోచింగు సెంటరు కూలరులో పుట్టిందా, మెస్సు వెనక డ్రమ్ములో పుట్టిందా? లైన్ లిస్టులో దానికి గడి లేదు. పైగా కుట్టిన నాలుగు నుంచి పది రోజులకు జ్వరం వస్తుంది. మ్యాపు మీద చుక్క పడేసరికి ఆ పగలు ఎప్పుడో గడిచిపోయింది.

దోమ ఎంత దూరం పోతుందన్న ప్రశ్నకు పెద్ద చరిత్రే ఉంది, అందులో మన ఊరికీ వాటా ఉంది. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడన్న సంగతి ఇక్కడి పిల్లలకు కూడా తెలుసు. 1902లో నోబెల్ వచ్చింది. అంతటితో మనం రాస్‌ను బేగంపేటలో బొమ్మ చేసి నిలబెట్టి వదిలేశాం. ఆయన మాత్రం ఆగలేదు. 1904లో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో ఒక ఉపన్యాసం ఇచ్చాడు. ఒక వృత్తం గీసి, అందులో దోమలు పుట్టే నీళ్ళన్నీ తీసేశామనుకుందాం. బయటి దోమలు ఎంత లోపలికి వస్తాయి? వృత్తం ఎంత పెద్దదైతే మధ్యలో ఉన్నవాళ్ళు నిశ్చింతగా ఉంటారు? దోమ ఒక దిక్కు అనుకుని పోదు, కాసేపు ఇటు, కాసేపు అటు. ఆ లెక్క తేల్చుకోవడానికి రాస్ గణితజ్ఞుడు కార్ల్ పియర్సన్ సాయం అడిగాడు. పియర్సన్ దాన్ని 1905లో 'నేచర్' పత్రికలో చిన్న చిక్కు లెక్కగా వేశాడు. యాదృచ్ఛిక నడక అని ఇవాళ భౌతికశాస్త్రం నుంచి షేర్ మార్కెట్ దాకా వాడే భావనకు ఆ పేరు అక్కడే పడింది. తాగినవాణ్ణి వెతకాలంటే బయల్దేరిన చోటికి దగ్గర్లోనే వెతకమన్నది అందులోంచి వచ్చిన తమాషా. శుభ్రం చేసిన హద్దు మీద నిలబడితే దోమలు సున్నా కావు, దాదాపు సగం ఉంటాయి. హద్దు నుంచి లోపలికి పోయేకొద్దీ తగ్గుతాయి.

కేసు వచ్చిన ఇంటి చుట్టూ ఇళ్ళకు మందు కొట్టి వెళ్ళిపోయే మన పద్ధతి వెనక ఉన్నదీ ఇలాంటి లెక్కే. లెక్క తప్పు కాదు. కానీ వృత్తం మధ్యలో మనం పెట్టిన ఇల్లు తప్పయితే, చుట్టూ ఎంత చక్కగా గీసి ఏం లాభం?

ఇక నీళ్ళ సంగతికి వస్తాను. ఈ చెరువు కింద పెరిగినదాన్ని కదా, ఇక్కడ కొంచెం ఎక్కువసేపు మాట్లాడితే ఓర్చుకోండి.

సరూర్‌నగర్ చెరువు 1626లో కుతుబ్‌షాహీల కాలంలో కట్టింది. అది ఒంటరి చెరువు కాదు. మీర్‌పేట వైపు నుంచి గొలుసుకట్టు. పై చెరువు నిండి మత్తడి దూకితే ఆ నీళ్ళు కింది చెరువుకు, అక్కణ్ణుంచి మూసీకి. మధ్యలో శిఖం భూములు, వాగులు, వాటి పక్కన పొలాలు. ఇప్పుడు ఆ పొలాల పేర్లు కాలనీలు, వాగు పేరు నాలా. 2020 అక్టోబరు 13 రాత్రి ఏమైందో కోదండరాంనగర్ వాళ్ళు చెప్పాలి, నేను కాదు. ఆ ఒక్క రోజులో ఘట్‌కేసర్ దగ్గర 32 సెంటీమీటర్ల వాన పడింది. ఇటు గొలుసంతా ఒకేసారి నిండింది. నీళ్ళకు పాత దారి గుర్తుంది. మనకే లేదు. తర్వాత చాలా రోజులు మురుగు కలిసిన నీళ్ళు సంపుల్లో నిలిచాయి. వాంతులు, విరేచనాలు, టైఫాయిడ్, ఆపైన దోమలు.

ఆ జ్వరాల మ్యాపు తయారుచేస్తే ఎలా చేస్తాం? డివిజన్లవారీగా. ఎందుకంటే లెక్కలు అలా వస్తాయి, ఎంటమాలజీ బృందాలు అలా ఉంటాయి, సమీక్షలు అలా జరుగుతాయి. కానీ నీళ్ళు డివిజను చూసి పారవు. నాలాకు ఇటు గట్టు ఒక డివిజను, అటు గట్టు ఇంకోటి అనుకోండి. గట్టు వెంట వంద మీటర్ల పట్టీలో గట్టిగా జ్వరాలున్నా, రెండు డివిజన్ల పెద్ద జనాభాతో భాగించేసరికి రెండూ లేత పసుపు రంగులో బయటపడతాయి. ఎవరికీ ఏమీ కాలేదన్నట్టు. 2020 నాటికి మీర్‌పేట వేరే కార్పొరేషన్, అంటే నీళ్ళు వచ్చే చోటు మ్యాపు అంచుకు అవతలే. 2007 ఏప్రిల్‌లో జీహెచ్‌ఎంసీ ఏర్పడక ముందైతే ఇంకా చిత్రం. చౌరస్తా నుంచి కాసేపు నడిస్తే ఎంసీహెచ్ (పాత హైదరాబాద్ కార్పొరేషన్), గడ్డిఅన్నారం మునిసిపాలిటీ, ఎల్బీనగర్ మునిసిపాలిటీ మూడూ తగిలేవి. సారు పనిచేసిన ఆఫీసు ఏదన్నది అటుంచండి. తన హద్దు దాటి నాలా అవతలి గట్టు మీద కూడా ఆయన చుక్కలు పెట్టుకున్నారు. "దోమకు మునిసిపాలిటీ తెల్వది" అనేవారు. అవతలి గట్టు లెక్క ఆయన్నెవరూ అడగలేదు.

హద్దు మారితే జవాబు ఎంత మారుతుందో చూడాలంటే 1979లో ఓపెన్‌షా, టేలర్ అనే ఇద్దరు చేసిన పని చూడాలి. అమెరికాలో ఐయోవా రాష్ట్రపు 99 కౌంటీల లెక్కలు తీసుకున్నారు. ముసలివాళ్ళ శాతానికీ ఒక పార్టీ ఓట్ల శాతానికీ సంబంధం ఎంతో తేల్చాలి. కౌంటీలను రకరకాలుగా కలిపి కొత్త హద్దులు గీస్తూ పోయారు. జవాబు దాదాపు మైనస్ ఒకటి నుంచి దాదాపు ప్లస్ ఒకటి దాకా తిరిగింది. మనుషులు వాళ్ళే, ఓట్లు అవే. గీతలు మాత్రం వేరు. హద్దులతో నిమిత్తం లేకుండా గుంపులు వెతకడానికి 1997లో కుల్‌డార్ఫ్ చెప్పిన పద్ధతి ఒకటుంది. మ్యాపు మీద చిన్నవీ పెద్దవీ వృత్తాలు జరుపుకుంటూ, లోపల ఉండాల్సిన కేసులకన్నా ఎక్కువున్న వృత్తాన్ని పట్టుకోవడం. మంచి పద్ధతి, నేనూ వాడతాను. కానీ మన నాలా పాములా పోతుంది, పాము మీద గాజులు పేరిస్తే పాము ఆకారం రాదు. అందుకే ఈ ప్రాంతానికి నేను వాడే అసలు మ్యాపులో డివిజన్లుండవు. ఉపగ్రహాల ఎత్తుపల్లాల లెక్కతో ఏ ఇంటి కప్పు మీద పడిన చినుకు ఏ చెరువుకు పోతుందో చూసి గీసిన వాలు గీతలుంటాయి. కేసులను వాటి మీద పరిచినప్పుడే నాకు సారు క్యాలెండర్ పేజీ అర్థమైంది. ఆయన ముందు నీలం పెన్ను తీశారు, ఎర్ర పెన్సిలు తర్వాత.

భాగహారం అన్నాను కదా, అదొక తలనొప్పి. వెయ్యి మందికి ఎన్ని కేసులని చెప్పాలంటే ఆ వెయ్యి మంది ఎవరో తెలియాలి. మన దగ్గర పూర్తయిన చివరి జనగణన 2011ది. అప్పుడు జీహెచ్‌ఎంసీ మొత్తంలో 67 లక్షల పైచిలుకు జనం. ఆ తర్వాత 2018 సెప్టెంబరులో అమీర్‌పేట నుంచి ఎల్బీనగర్‌కు మెట్రో వచ్చింది. స్టేషన్ల చుట్టూ హాస్టళ్ళు మేడ మీద మేడ వేసుకున్నాయి. గ్రూప్స్‌కు, డీఎస్సీకి, సాఫ్ట్‌వేరుకు చదివే పిల్లలు ఏ లెక్కలోనూ ఇక్కడివాళ్ళు కారు. ఓటు ఊళ్ళో, రేషన్ కార్డు ఊళ్ళో. జ్వరం మాత్రం ఇక్కడ. పైన కేసులు చేరి, కింద మనుషులు చేరకపోతే దిల్‌సుఖ్‌నగర్ రోగాల పుట్టలా కనబడుతుంది. ఉపగ్రహ చిత్రాల్లో కట్టడాలు లెక్కబెట్టి, అంతస్తులు అంచనా కట్టి జనాభా ఊహించే పద్ధతులొచ్చాయి. ఒక గదిలో ఎన్ని మంచాలున్నాయో మాత్రం ఏ ఉపగ్రహానికీ కనబడదు. అది హాస్టలు అక్కనే అడగాలి.

అడ్రసూ పేరూ అడగకుండా జబ్బు జాడ పట్టిన సందర్భం ఒకటుంది, అదీ మన ఊళ్ళోనే. 2020లో సీసీఎంబీ, ఐఐసీటీ శాస్త్రవేత్తలు నగరపు మురుగు శుద్ధి కేంద్రాల నుంచి నమూనాలు తీసి కరోనా వైరస్ జన్యుపదార్థం ఎంతుందో కొలిచారు. ఆ లెక్కన దాదాపు 2 లక్షల మంది వైరస్‌ను విసర్జిస్తూ ఉండాలన్నారు. సోకినవాళ్ళు 35 రోజుల దాకా విసర్జిస్తారు కాబట్టి, లక్షణాలున్నవాళ్ళు, లేనివాళ్ళు, ఈమధ్యే కోలుకున్నవాళ్ళు అందరూ కలిసి సుమారు 6.6 లక్షలని ఆగస్టులో అంచనా చెప్పారు. పరీక్షల లెక్కకూ దీనికీ పొంతనే లేదు. పరీక్షల మ్యాపులో కనబడేది పరీక్షకు పోగలిగినవాళ్ళు. మురుగు మ్యాపులో అందరూ ఉంటారు. అందరూ అన్నానా? పైపు లైను ఉన్నవాళ్ళందరూ. శివారు కాలనీలో సెప్టిక్ ట్యాంకు నిండి నాలాలోకి పోయే ఇల్లు శుద్ధి కేంద్రం దాకా రాదు. అక్కడా ఒక ప్రశ్నార్థకం పెట్టుకోవాలి.

ఊరి బయటికి కాస్త వెళ్దాం. రంగారెడ్డి జిల్లాలోని 29 ఊళ్ళలో 1987 నుంచి 1990 దాకా గర్భిణులకు, చిన్నపిల్లలకు పోషకాహారం ఇచ్చి ఫలితం చూసిన ప్రయోగం జరిగింది. ఆ పిల్లలు పెద్దయ్యాక, వాళ్ళ కుటుంబాలతో కలిపి, జాతీయ పోషకాహార సంస్థ తదితరులు ఏళ్ళ తరబడి వాళ్ళ ఆరోగ్యాన్ని వెంబడించారు. దాన్ని ఏపీక్యాప్స్ అంటారు. తర్వాత బార్సిలోనా పరిశోధకులతో కలిసి 28 ఊళ్ళలో గాలి మ్యాపు చేశారు. రోడ్లు, పచ్చదనం, రాత్రి దీపాల వెలుగు ఇవన్నీ కలిపి ఏ ఇంటి దగ్గర పీఎం 2.5 ధూళి ఎంతో అంచనా వేశారు. 3,717 మందితో ఎముకల మీద చేసిన అధ్యయనంలో ఆ ధూళి సగటు ఘనపు మీటరుకు 32.8 మైక్రోగ్రాములు. మన దేశపు ప్రమాణం 40, కాబట్టి ఆకుపచ్చ రంగు వేయొచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పిన హద్దు 5, కాబట్టి ముదురు ఎరుపు వేయొచ్చు. రంగు పెట్టె ఎవరి చేతిలో ఉందో చూసుకోండి. నాకు ఆ పనిలో నచ్చింది వేరే ఉంది. కొందరికి జీపీఎస్, చిన్న కెమెరా, గాలి కొలిచే పరికరం తగిలించి రోజంతా తిరగనిచ్చారు. ఇంటి దగ్గరి గాలి ఒకటి, మనిషి పీల్చిన గాలి ఒకటి. పొయ్యి దగ్గర కూర్చున్న గంట, రోడ్డు మీది గంట, పొలంలోని గంట, అన్నీ వేరు. "పొద్దంత యాడుంటరు" అన్న ప్రశ్నకు పరికరాలతో వెతికిన జవాబు అది.

దూరం గురించి రెండు మాటలు చెప్పి ముందుకుపోతాను. గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ 2021లో బాటసింగారం వైపు తరలిపోయాక, ఆ జాగాలో వెయ్యి పడకల టిమ్స్ ఆసుపత్రికి 2022 ఏప్రిల్‌లో శంకుస్థాపన చేశారు. మ్యాపు మీద దాని చుట్టూ రెండు కిలోమీటర్ల వృత్తం గీసి, ఇంతమందికి ఆసుపత్రి అందుబాటులో ఉందని రాసేయడం నిమిషం పని. మోకాళ్ళ నొప్పులున్న పెద్దావిడ డివైడర్ అవతల ఉంటే ఆ వృత్తం ఆమెకేం చేస్తుంది? యూటర్న్ ఎక్కడుంది, ఆటో ఎంతడుగుతాడు, మెట్రో మెట్లు ఎన్ని? రోడ్డు వెంట, కాలినడకతో, గడియారం పట్టుకుని కొలిచిన దూరమే దూరం.

చివరికి, చుక్క పెట్టడం వల్ల జరిగే కీడు. 2020 మే మొదట్లో వనస్థలిపురంలో కొన్ని కాలనీలను కంటైన్‌మెంట్ జోన్లుగా మూసేశారు. ఆ రోజుల్లో వాట్సాప్‌లో తిరిగిన మ్యాపులు మీలో చాలామంది ఫోన్లకు వచ్చే ఉంటాయి. ఎర్ర చుక్క ఎవరి డాబా మీద ఉందో వేలితో జరిపి పెద్దది చేసి చూశాం. నేనూ చూశాను. ఆ ఇంటికి పాలవాడు పోలేదు, పనిమనిషి పోలేదు. జబ్బు పోయాక కూడా చాలాకాలం పోలేదు. అప్పట్నుంచి నేను బయటికిచ్చే ఏ మ్యాపులోనూ చుక్క ఉన్నచోట ఉండదు. ఒక లెక్క ప్రకారం యాదృచ్ఛికంగా కొంత దూరం జరుపుతాను, మరీ దగ్గరగా కాదు, మరీ దూరంగా కాదు. గుంపు ఆకారం చెదరదు, ఇల్లు దొరకదు. రాస్ దోమల నడక ఇక్కడ మనుషుల గుట్టు కాపాడటానికి పనికొచ్చింది.

సారు మ్యాపులో ఇంకోటి ఉంది. దాన్ని నేను చాలా ఆలస్యంగా గమనించాను. ఎడమ పక్క హాస్టళ్ళున్న చోట నుంచి కొన్ని సన్నటి బాణాలు బయల్దేరి, ఎల్బీనగర్ రింగ్‌రోడ్డు దాటి, కాగితం అంచు దాకా పోయి ఆగిపోయాయి. బాణం మొదట్లో చుక్క లేదు, చివర్లోనూ లేదు. పక్కన పెన్సిలుతో "బస్సెక్కింది" అని ఉంది. ఒకచోట "నల్గొండ", ఒకచోట "సూర్యాపేట?". ఒళ్ళు కాలితే హాస్టలు పిల్లలు ఇక్కడ ఆసుపత్రికి పోరు, అమ్మ దగ్గరికి పోతారు. జ్వరం అక్కడ తేలుతుంది, కేసు ఆ జిల్లాలో రాసుకుంటారు, మందు ఆ ఊరి గల్లీలో కొడతారు. ఇక్కడి డ్రమ్ము ఇక్కడే ఉంటుంది. ఆ సంగతి సారుకు ఎలా తెలిసిందని అమ్మను అడిగాను. ఆదివారాలు రింగ్‌రోడ్డు బస్టాపు దగ్గర టీ కొట్లో కూర్చునేవారట. దుప్పటి కప్పుకుని బస్సు కోసం నిలబడిన పిల్లల్ని ఏ హాస్టలని అడిగి రాసుకునేవారట.

ఈ కాగితాన్ని స్కాన్ చేయించాను. అసలుది ఇవాళ అమ్మకు తిరిగి ఇచ్చేస్తున్నాను. ఆమెకు కావలసింది మ్యాపు కాదట, దాని ముందు వైపు. జులై గళ్ళలో ఆ నెల పాల లెక్క ఉంది. మూడు ఆదివారాల గళ్ళలో అమ్మ చేతిరాతతో "సార్ లేడు, అర లీటరే" అని ఉంది.